ఆ బాతులు ఎప్పుడు వెళ్లాయి?

నా పక్షుల నోటుబుక్కులో ఒక ఖాళీ ఉంది. నేను క్రమం తప్పకుండా వెళ్లే చెరువుకు పోయిన శీతాకాలం గార్గనీ బాతులు అక్టోబరు 12న వచ్చాయి. ఆ పొద్దున తొమ్మిది లెక్కపెట్టాను. గాలి ఎటు వీస్తోందో కూడా రాసుకున్నాను. అవి ఎప్పుడు వెళ్లిపోయాయో మాత్రం రాయలేదు. ఫిబ్రవరి 19న వెళ్లినప్పుడు యాభైకి పైగా ఉన్నాయి. ఆ తర్వాత పనుల్లో పడి మళ్లీ ఏప్రిల్ 10న వెళ్లాను. నీళ్ల మీద ఒక్కటీ లేదు. మధ్యలో యాభై రోజులు. వాటిలో ఏ రాత్రి లేచి ఉత్తరానికి వెళ్లాయో నాకు తెలియదు.

అది నన్ను చాలా రోజులు బాధపెట్టింది. ఎందుకంటే ఒక పక్షి వచ్చిన రోజు మనకు ఆ రోజే తెలుస్తుంది. నిన్న లేదు, ఇవాళ ఉంది, అంతే. వెళ్లిన రోజు అలా తెలియదు. ఆఖరిసారి చూస్తున్నప్పుడు అది ఆఖరిసారి అని చెప్పేది ఏదీ ఉండదు. తర్వాత చాలాసార్లు వెళ్లి, ఏమీ కనబడక తిరిగొచ్చాక, వెనక్కి పేజీలు తిప్పితే అప్పుడు తెలుస్తుంది.

అందుకని ఈ ఏడాది ముందే ఒక నియమం పెట్టుకున్నాను. ఫిబ్రవరి 24 నుంచి నాలుగు రోజులకోసారి, బాతులున్నా లేకపోయినా, తెల్లారేసరికి చెరువు దగ్గర ఉండాలి. వాటిలో మూడో రోజు మార్చి 4. చలి పోయింది, ఎండ ఇంకా ముదరలేదు. ఆ రోజు మా అన్నయ్య కూతురు నాతో వస్తానంది. పదమూడేళ్ల పిల్ల. పక్షుల పేర్లు పెద్దగా తెలియవు గానీ లెక్కలంటే ప్రాణం. నేను చెబుతుంటే అంకెలు రాసే పని తనకిచ్చాను.

చీకటితోనే వెళ్లి తూర్పు గట్టు మీద కూర్చున్నాం. కూర్చునే చోటు ముఖ్యం. తూర్పున ఉంటే ఎండ మన వీపు మీదుగా వెళ్లి పక్షుల మీద పడుతుంది, రంగులన్నీ కనిపిస్తాయి. పడమటి గట్టు మీద కూర్చుంటే ప్రతి బాతూ నల్లటి నీడే. మొదటి రెండేళ్లు నాకు ఈ సంగతి తెలియక, దారి దగ్గరని పడమటి వైపే కూర్చునేదాన్ని. ఆ రెండేళ్ల నోట్సులో 'పేరు తెలియని బాతులు' అన్న మాట చాలాసార్లు ఉంది.

నా బైనాక్యులర్స్ 8×42వి. ఎనిమిది రెట్లు దగ్గరగా చూపిస్తాయి, ముందున్న అద్దం వెడల్పు 42 మిల్లీమీటర్లు. పది రెట్లవి ఇంకా మేలు కదా అని చాలామంది అడుగుతారు. వాటిలో చేతి వణుకు కూడా ఎక్కువగానే కనిపిస్తుంది, చూపు అందే మేర ఇరుకవుతుంది. ఎగురుతున్న గుంపును ఆకాశంలో వెతికి పట్టుకోవాలంటే నాకు ఎనిమిదే హాయి. వేకువ వెలుతురుకు 42 సరిపోతుంది.

మొదటి పావుగంట ఏమీ చూడొద్దు, వినమని చెప్పాను. చీకట్లో చూడ్డానికీ ఏమీ లేదు. ముందు తీతువు అరిచింది. అది మనల్ని చూసే అరిచిందని నాకు తెలుసు. తీతువు నోరు మూసుకునే దాకా కదలకుండా కూర్చుంటే మిగతావాటికి కూడా ధైర్యం వస్తుంది. తర్వాత జమ్ములోంచి నీలి బొల్లికోళ్ల గోల. ఆ వెనకే బుడుబుంగ. గుర్రప్పిల్ల సన్నగా సకిలించినట్టు, ఒకటి మొదలుపెడితే చెరువు అవతలి నుంచి ఇంకొకటి అందుకుంది. జనవరిలో అవి ఇంతగా అరవలేదు. వాటికి జత కట్టే కాలం దగ్గర పడింది. ఒకే చెరువులో కొన్ని పక్షులు గూడు గురించి ఆలోచిస్తుంటే కొన్ని ప్రయాణం గురించి ఆలోచిస్తుంటాయి. ఈ నెల నాకు అందుకే ఇష్టం.

వెలుగు రాగానే నీళ్ల మధ్యలో బాతులు తేలాయి. వెడల్పాటి ముక్కుతో నీటిని జల్లెడ పట్టుకుంటూ షోవెలర్లు, కొన్ని కామన్ టీల్‌లు, వాటి మధ్య గార్గనీలు. మగ గార్గనీని ఈ నెలలో పోల్చుకోవడం చాలా సులువు. ముదురు గోధుమరంగు తల, కంటి మీదుగా మెడ వెనక దాకా దిగే తెల్లటి వెడల్పు గీత. సున్నంతో నెలవంక గీసినట్టు ఉంటుంది. అక్టోబరులో వచ్చినప్పుడు ఇదేమీ ఉండదు, మగదీ ఆడదీ ఒకే మట్టిరంగులో ఉంటాయి. మగవి చాలా బాతుల కంటే ఆలస్యంగా, చలికాలం సగం గడిచాక ఆ తెల్ల గీత తొడుక్కుంటాయి. వెళ్లే ముందు కొన్ని వారాలే మనకు ఆ అందం దక్కుతుంది. గూడు పెట్టేది ఐరోపా నుంచి ఆసియా ఉత్తర భాగాల దాకా ఉన్న మడుగుల్లో. చలికాలానికి ఆఫ్రికాకూ దక్షిణాసియాకూ దిగుతాయి.

గుంపును ఎలా లెక్కపెట్టాలో పాపకు చూపించాను. ఒకటి, రెండు అని మొదలుపెడితే ముప్ఫై దాటేలోపు అవి చోటు మారిపోతాయి. ముందు పదింటిని జాగ్రత్తగా లెక్కపెట్టి, ఆ పది నీళ్ల మీద ఎంత చోటు పట్టిందో కంటికి అలవాటు చేసుకోవాలి. తర్వాత ఆ పదిని కొలపాత్రలా పట్టుకుని గుంపు మీద జరుపుకుంటూ పోవాలి. ఎడమ నుంచి కుడికి ఒకసారి, కుడి నుంచి ఎడమకు ఒకసారి. రెండు లెక్కలకూ మధ్య తేడా ఉంటే మూడోసారి. మాకు 40, 42 వచ్చాయి. మూడోసారి 41.

"41 రాయనా అత్తా?" అంది.

"రాయి. కానీ పక్కన కాస్త చోటు వదులు."

ఆ చోటు పది నిమిషాల్లోనే అవసరమైంది. జమ్ము మీదుగా ఒక మార్ష్ హారియర్ వచ్చింది. రెక్కల్ని కొద్దిగా పైకి పట్టి, తూలుతున్నట్టు తక్కువ ఎత్తులో ఎగిరే గద్ద జాతి పక్షి. అది కనబడగానే బాతులన్నీ ఒక్కసారిగా లేచాయి. గుండె ఝల్లుమంటుంది ఆ చప్పుడుకు. కానీ లెక్కకు అంత మంచి సమయం లేదు. ఎగిరితే మగ గార్గనీ రెక్క ముందు భాగం లేత నీలిబూడిద రంగులో మెరుస్తుంది, టీల్ రెక్క అలా మెరవదు. జమ్ములో నిద్రపోతున్నవి కూడా లేచాయి. గుంపు రెండుసార్లు చుట్టు తిరిగింది. ఆ రెండు చుట్లలో గార్గనీలు 46 తేలాయి. ఐదు మాకు కనబడకుండా గడ్డిలో ఉన్నాయన్నమాట. పాప 41 కొట్టేయబోతే ఆపాను. రెండూ ఉండాలి, కూర్చున్నప్పుడు ఎంత, లేచినప్పుడు ఎంత అని. ఈ చెరువులో దాక్కునేవి ఎన్నో ఆ తేడానే చెబుతుంది.

తర్వాత బురద వైపు తిరిగాం. నాకు ఎక్కువ సమయం పట్టేది అక్కడే. నీరు వెనక్కి తగ్గిన కొద్దీ అంచున మెత్తటి బురద బయటపడుతుంది. పురుగులూ నత్తలూ అంత సులువుగా దొరికే చోటు మరొకటి ఉండదు. పొడుగు గులాబీ కాళ్ల బ్లాక్ వింగ్‌డ్ స్టిల్ట్‌లు లోపలి నీళ్లలో, ఉల్లంకి పిట్టలు అంచున, అరచేతిలో పట్టేంత స్టింట్‌లు ఆరిన బురద మీద. కాలి పొడవును బట్టి, ముక్కు పొడవును బట్టి ఎవరి చోటు వాళ్లదే.

ఈ ఉల్లంకుల్లో రెండు జాతుల దగ్గర నేను కిందటేడు పెద్ద తప్పు చేశాను. ఇక్కడ శీతాకాలమంతా ఉండేది వుడ్ సాండ్‌పైపర్. అప్పుడప్పుడు వచ్చేది గ్రీన్ సాండ్‌పైపర్. పేరుకు పచ్చదే గానీ దాని వీపూ ముదురు గోధుమరంగే. ఒక పొద్దున నీడలో ఉన్న వుడ్ సాండ్‌పైపర్ నల్లగా కనబడితే గ్రీన్ అని రాసేసి, ఫోటోతో సహా, పక్షుల జాబితాలు ఎక్కించే వెబ్‌సైట్ అయిన ఈబర్డ్‌లో ఎక్కించాను. కొన్నాళ్లకు ఆ జాబితా పరిశీలించే వాలంటీరు ఒకరు మర్యాదగా అడిగారు: కంటి మీది తెల్లగీత ఎక్కడి దాకా ఉందో ఒకసారి చూస్తారా అని. చూశాను. గీత కన్ను దాటి వెనక్కి పోయింది. గ్రీన్‌లో అది కంటి ముందే ఆగిపోతుంది. సరిదిద్దాను. ఆ ఒక్క ప్రశ్న వల్ల నేను చూసే తీరే మారింది.

ఇప్పుడు నేను పేరు ముందు పెట్టుకోను. కంటిగీత, వీపు మీద చుక్కల సైజు, కాళ్ల రంగు వరసగా చూస్తాను. వుడ్‌కి వీపు నిండా పెద్ద పెద్ద చుక్కలు, పసుపు కలిసిన కాళ్లు. గ్రీన్‌కి చుక్కలు సన్నం, కాళ్లు ఆకుపచ్చ కలిసిన బూడిదరంగు. అప్పటికీ తేలకపోతే ఎగిరే దాకా ఆగుతాను. గ్రీన్ ఎగిరితే రెక్క కింద దాదాపు నల్లగా, తోక మొదలు తెల్లగా మెరుస్తుంది. వుడ్‌కి రెక్క కింద లేత రంగు. ఆ రోజు తొమ్మిదిని చూశాం, తొమ్మిదీ వుడ్‌వే. పదోది గడ్డి చాటున ఉండిపోయింది. ఇరవై నిమిషాలు ఆగినా బయటికి రాలేదు. పాప దాన్ని కూడా వుడ్‌లో కలపబోయింది. వద్దన్నాను. 'సాండ్‌పైపర్, జాతి తెలియదు, 1' అని రాసింది. తెలియదని రాయడం వల్ల నోటుబుక్కు విలువ తగ్గదు. ఊహించి రాస్తే తగ్గుతుంది.

స్టింట్‌ల మీదే నేను చాలాసేపు ఉండిపోయాను. లిటిల్ స్టింట్ బరువు పాతిక, ముప్ఫై గ్రాములు. గూడు పెట్టేది ఆర్కిటిక్ టండ్రాలో, చెట్టన్నది మొలవని మంచు నేలల్లో. ఇక్కడి నుంచి అక్కడిదాకా ఆ చిన్న రెక్కలతోనే వెళ్లాలి. ఆ పొద్దున అవి తల ఎత్తలేదు. కుట్టుమిషను సూదిలా ముక్కు బురదలో దిగుతూ లేస్తూనే ఉంది. నెల కిందట సన్నగా ఉన్న వాటి పొట్టలు ఇప్పుడు తోక మొదట్లో గుండ్రంగా దిగాయి. అది కొవ్వు. ప్రయాణానికి ముందు ఇలాంటి పక్షులు ఆపకుండా తింటాయి. కొన్ని జాతులు మామూలు బరువుకు దాదాపు రెట్టింపు అవుతాయి. దారిలో ఆ కొవ్వే ఇంధనం.

"వెళ్లాలని వాటికి ఎవరు చెబుతారత్తా?" అని అడిగింది.

నాకు తెలిసినంత చెప్పాను. 1920లలో కెనడాలోని అల్బర్టాలో విలియం రోవన్ అనే ప్రొఫెసర్ జుంకోలనే చిన్న పిట్టల్ని చలికాలంలో ఆరుబయట పంజరాల్లో ఉంచాడు. చీకటి పడ్డాక దీపాలు వెలిగించి పగటిని రోజుకు కొంచెం పొడిగిస్తూ పోయాడు. చుట్టూ గడ్డకట్టే చలి, అయినా ఆ పిట్టల శరీరాల్లో వసంతం మొదలైంది, సంతానానికి సిద్ధమయ్యాయి. అంటే వాటికి కబురు చెప్పింది వెచ్చదనం కాదు, పగటి పొడవు. తర్వాతి కాలంలో జర్మనీలో ఎబర్‌హార్డ్ గ్విన్నర్ వార్బ్లర్లనే చిన్న వలస పిట్టల్ని పగలూ రాత్రీ ఏడాదంతా మారని గదుల్లో పెంచాడు. వెలుతురులో మార్పే లేకపోయినా, ఇంచుమించు ఏడాదికోసారి అవి ఈకలు మార్చుకున్నాయి, వలస కాలం రాగానే రాత్రిళ్లు నిలకడ లేకుండా ఎగిరెగిరి పడ్డాయి. ఒంట్లోనే ఒక ఏడాది గడియారం ఉంది. పగటి పొడవు దాన్ని సరిచేస్తూ ఉంటుంది.

పాప కాసేపు స్టింట్‌లను చూసి, "అయితే వీటికి ఇప్పటికే తెలుసన్నమాట" అంది. ఔను, వాటికి తెలుసు. నాకే తెలియదు.

ఎండ పైకొచ్చాక తడిగడ్డిలో పసుపు వాగ్‌టైల్‌లు దిగాయి. తోకను కిందికీ పైకీ ఊపుకుంటూ పరుగెత్తే సన్నటి పిట్టలు. డిసెంబరులో వీటిని చూసి ఎవరూ రెండోసారి తల తిప్పరు, అంత వెలిసిపోయి ఉంటాయి. ఇప్పుడు ఒక్కొక్కటి ఒక్కో దశలో ఉంది. ఒకదానికి గొంతు దాకా పసుపు, పొట్ట ఇంకా పాత తెలుపు. ఒకదానికి పసుపు మచ్చలు మచ్చలుగా వస్తోంది. ఒకటి మాత్రం గొంతు నుంచి తోక కింది దాకా పూర్తిగా పసుపు, ఎండలో వెలిగిపోతోంది. సగం మారిన ఈకలున్న పక్షి నాకు పూర్తిగా మారినదాని కంటే ఎక్కువ నచ్చుతుంది. పుస్తకంలో బొమ్మలు చలికాలం రూపం ఒకటి, వసంతం రూపం ఒకటి వేస్తాయి. ఈ మధ్య రూపం చెరువు దగ్గరికి వెళ్లినవాళ్లకే కనిపిస్తుంది.

ఎనిమిది అయ్యేసరికి ఉన్నట్టుండి మొత్తం చెరువు లేచింది. హారియర్ లేదు. పైన గుయ్యిమని డ్రోన్. కిందికి వాలబోయిన గుంపు మళ్లీ లేచింది, మళ్లీ. మూడుసార్లు. నాకు కడుపు మండిపోయింది. లేచిన ప్రతిసారీ, నెలరోజులుగా కూడబెట్టుకున్న ఆ కొవ్వులోంచే ఖర్చవుతుంది. ఎగిరినంతసేపూ తిండి ఉండదు. గట్టు అవతల ఒక అబ్బాయి ఎగరేస్తున్నాడు. దగ్గరికి వెళ్లి, "బాబూ, అవి ఇంకొన్ని రోజుల్లో వేల కిలోమీటర్లు వెళ్లాలి, ఇప్పుడు తినకపోతే దారిలో పడిపోతాయి" అన్నాను. అతనికి నిజంగా తెలియదు. వెంటనే దింపేశాడు. బైనాక్యులర్స్ ఇస్తే ఓ పది నిమిషాలు వాగ్‌టైల్‌లను చూసి వెళ్లాడు. బురదలోకి మాత్రం స్టింట్‌లు మేమున్నంతసేపూ తిరిగి రాలేదు.

ఇంటికొచ్చి జాబితా ఎక్కించాం. మొత్తం 38 జాతులు. ఎక్కించేటప్పుడు ఒక ప్రశ్న ఉంటుంది: మీరు గుర్తించిన పక్షులన్నీ ఇందులో ఉన్నాయా అని. నచ్చినవే రాసి, కాకినీ గోరింకనీ వదిలేస్తే ఔనని చెప్పకూడదు. ఔనని చెప్పగలిగితేనే, రాయని పక్షి ఆ రోజు కనబడలేదని అర్థం వస్తుంది. నాకు కావలసింది సరిగ్గా ఆ అర్థమే. అందుకే నా నోటుబుక్కులో గార్గనీకి విడిగా ఒక గడి ఉంది, ఒక్కటీ లేని రోజున ఆ గడిలో సున్నా వేస్తాను.

"సున్నా కూడా రాయాలా?" అంది పాప.

"అదే ముఖ్యం" అన్నాను.

జనవరిలో ఏషియన్ వాటర్‌బర్డ్ సెన్సస్ జరుగుతుంది, 1987 నుంచి ఏటా. నేనూ ఆ లెక్కల్లో పాల్గొంటాను. చలికాలం నడిమధ్య ఏ నీళ్ల మీద ఎన్ని పక్షులున్నాయో అది చెబుతుంది. ఎంతో విలువైన పని. కానీ అవి ఎప్పుడు బయలుదేరాయో జనవరి లెక్క చెప్పలేదు. దానికి ఎవరో ఒకరు ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్ నెలల్లో ఒకే నీటి దగ్గరికి పదేపదే వెళ్లాలి. పేరున్న పెద్ద సరస్సులకు వెళ్లేవాళ్లు ఉంటారు. అరగంటలో చుట్టి రాగల ఇలాంటి చెరువుకు, దగ్గర్లో ఉన్నవాళ్లు వెళ్లకపోతే ఎవరూ వెళ్లరు. 1971లో ఇరాన్‌లోని రామ్‌సర్‌లో కుదిరిన ఒప్పందం చిత్తడి నేలను నిర్వచించినప్పుడు సహజంగా ఏర్పడినదా, మనిషి తవ్వినదా, ఏడాదంతా నీరుంటుందా, కొన్నాళ్లేనా అన్న తేడా పెట్టలేదు. గార్గనీ కూడా పెట్టదు.

ఆ తర్వాత పాప వీలైనప్పుడల్లా వచ్చింది, రాలేనప్పుడు సాయంత్రం వచ్చి అంకెలు తన చేత్తోనే ఎక్కించుకుంది. మార్చి 8న 44. 12న 45. రెండూ దాదాపు ఒకటే, ఏమీ జరగడం లేదనిపించింది. 16న 29. 20న ఏడు. ఆ నాలుగు రోజుల్లో రాత్రిళ్లు ఆకాశం తేటగా ఉంది. బాతులు ఎక్కువగా రాత్రిపూటే బయలుదేరతాయి కాబట్టి మేం నిద్రపోతున్నప్పుడే వెళ్లి ఉంటాయి. వుడ్ సాండ్‌పైపర్‌లు మాత్రం కదల్లేదు.

24న వెళ్లేసరికి ఒక్క గార్గనీ లేదు. షోవెలర్లు నాలుగున్నాయి. పాప ముఖం చిన్నబోయింది. "వెళ్లిపోయాయని రాసెయ్యనా?" అంది. సున్నా మాత్రమే రాయమన్నాను.

28న మూడు కనిపించాయి. రెండు మగవి, ఒక ఆడది. జమ్ము పక్కన, తలలు రెక్కల్లో దూర్చి నిద్రపోతున్నాయి. మా 46లోవేనా, లేక ఇంకా దక్షిణాన ఎక్కడో చలికాలం గడిపి ఉత్తరానికి వెళ్తూ ఒక రాత్రికి ఇక్కడ దిగినవా? కాళ్లకు గుర్తింపు రింగులు లేని బాతుల విషయంలో అది ఎవరూ చెప్పలేరు. అవి నిద్రలేచే దాకా కూర్చున్నాం. ఎండ వాటి మీదికి వచ్చాక ఒక మగది తల తీసి, మెడ సాచి, నీళ్లలో రెండుసార్లు ముంచి మళ్లీ దూర్చుకుంది. ఆ తెల్లటి గీత మీద నీటి బొట్లు నిలిచాయి. చాలాసేపు చూశాను.

ఏప్రిల్ 1న సున్నా. 5న సున్నా. 9న సున్నా, ఆ రోజు స్టింట్‌లు కూడా లేవు, బురద ఎండి నెర్రెలు విచ్చడం మొదలైంది. బుడుబుంగ మాత్రం నాచుతో తేలే గూడు కట్టుకుంది.

ఆ సాయంత్రం పాప నోటుబుక్కు తెరిచి వెనక్కి పేజీలు తిప్పింది. మార్చి 28 దగ్గర ఆగి, మూడు అన్న అంకె పక్కన 'ఆఖరిసారి' అని పెన్సిల్‌తో రాసింది. పెన్ను ఇవ్వబోయాను.

"వద్దత్తా, 13న కూడా వెళ్లొద్దాం" అంది.